నడిరోడ్డు డ్రైవింగ్ స్కూలు

ఆ ఎండాకాలం మా డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నవాళ్ళు ఒక్కరు మిగలకుండా పరీక్ష తప్పారు. తప్పితే తప్పారు, అందరూ ఒకే రకంగా తప్పారు. అందులో మా అన్నయ్య చెయ్యి ఉంది. ఇప్పుడంటే ఆ సంగతి చెప్పుకుని పడీ పడీ నవ్వుతాం గానీ, ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

అన్నయ్య సైన్యంలో లారీ డ్రైవరు. సముద్రాల అవతల ఎవరి దేశంలోనో, ఎవరి గొడవలోనో మన ప్రభుత్వం వేలు పెట్టింది. ఎందుకు పెట్టిందో పెట్టినవాళ్ళకైనా తెలుసో లేదో! మొదట్లో అందరూ జెండాలు ఊపారు. మా వీధి చివరింటి వాళ్ళబ్బాయి పెట్టెలో తిరిగొచ్చాక ఆ జెండాలు అటకెక్కాయి. ఆ తర్వాత యుద్ధం పేరెత్తితే చాలు, జనం మొహం చిట్లించేవారు. ఆ చిట్లింపు యుద్ధం దగ్గరే ఆగితే బాగుండేది, మా గుమ్మం దాకా వచ్చింది. అన్నయ్య ఇంటికొస్తున్నాడని అమ్మ సంబరంగా చెబితే పక్కింటావిడ "అలాగా" అని ఊరుకుంది. ఆవిడ అలాగాతో ఊరుకునే మనిషి కాదు. మా ఇంట్లో గిన్నె కింద పడితే ఏ గిన్నె అని అడిగే రకం.

మా నాన్నని ఊరంతా బ్రేకు మాస్టారంటారు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నాన్న పాదం ఎప్పుడూ దాని మీదే. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా సరే, ఎవరైనా గొంతు పెంచితే ఆయన కాలు నేలని నొక్కుతుంది. అలాంటి మనిషి, స్టేషన్లో అన్నయ్య దిగగానే ఏం మాట్లాడాలో తోచక, స్కూలు కారు తాళం తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నువ్వే నడపరా."

ప్రేమతోనే పెట్టాడు పాపం. అన్నయ్య కారు స్టార్ట్ చేశాడు, అంతే. రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన పట్టాలేసినట్టు పోనిచ్చాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అలాగ. ఎదురొచ్చేవాళ్ళు హారన్లు కొట్టారు, మా తాతముత్తాతల్ని కూడా తలుచుకున్నారు, చివరికి వాళ్ళే తప్పుకుపోయారు. ఎర్రలైటు దగ్గర ముందు కారుకీ మాకూ మధ్య ఇంకో కారు పట్టేంత ఖాళీ వదిలి ఆగాడు. ఆగి, మేడల మీదికి చూశాడు. మళ్ళీ బయల్దేరాక, దారి పక్కన ఎవరో పారేసిన ఖాళీ సిమెంటు సంచి కనిపించింది. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేశాడు. అమ్మ వచ్చి నా ఒళ్ళో పడింది, నేను వెళ్ళి తలుపుకి కొట్టుకున్నాను.

"కుక్క అడ్డొచ్చిందా నాయనా?" అంది అమ్మ.

"లేదమ్మా. సంచి."

నాన్న ఇల్లు చేరేదాకా తన బ్రేకు పక్కన నేలని ఎంత గట్టిగా తొక్కిపట్టాడంటే, తెల్లారేసరికి ఆయన చీలమండ బూరెలా ఉబ్బింది. డాక్టరు చూసి, ఈ వేసవంతా కాలు కింద పెట్టొద్దన్నాడు.

ఆ పొద్దున ఫలహారాల దగ్గరే అన్నయ్య అసలు సంగతి బయటపెట్టాడు.

"నా గడువు అయిపోయిందమ్మా. కావాలంటే ఉండిపోవచ్చు. కానీ మా ఆఫీసరు మళ్ళీ రమ్మంటున్నాడు. వేసవి అయ్యేలోగా ఏ సంగతీ ఫోన్ చేసి చెప్పమన్నాడు."

"చెప్పేదేముంది? రానని చెప్పు" అంది అమ్మ.

"ఇక్కడుండి ఏం చేస్తానమ్మా? అక్కడ ఆ పెద్ద లారీని నేను తప్ప ఎవరూ నడపలేరు."

అమ్మ నావైపు చూసింది, నేను నాన్నవైపు చూశాను. నాన్న తన కాలువైపు చూసుకున్నాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మా అమ్మ, వెంటనే అందుకుంది. "ఏం చేస్తావేమిటి? మీ నాన్న కాలు చూడు. స్కూలు ఎవరు నడుపుతారు, నేనా?"

అలా మా అన్నయ్య డ్రైవింగ్ మాస్టారయ్యాడు. మాస్టారైతే అయ్యాడు గానీ శిష్యులేరీ? పేర్లిచ్చిన వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఎండలు తగ్గాక వస్తామన్నారు. ఒకావిడైతే, "మా అమ్మాయి కాస్త భయస్తురాలు, అతను ఎక్కడ్నుంచో వచ్చాడు కదా" అని నా మొహం మీదే అంది. నాకసలే ముక్కు మీద కోపం. "ఎక్కడ్నుంచో రాలేదండీ, ఈ ఇంట్లోంచే వెళ్ళాడు, ఈ ఇంటికే వచ్చాడు" అన్నాను. ఆవిడ మళ్ళీ కనపడలేదు.

అప్పుడు దిగింది భూగోళం టీచరుగారు. అన్నయ్యకీ నాకూ బళ్ళో దేశాలన్నీ చూపించింది ఈవిడే. రిటైరయ్యాక ప్రతి శనివారం సాయంత్రం పెద్ద చౌరస్తాలో 'మన పిల్లల్ని వెనక్కి పిలవండి' అని రాసిన బ్యానరు పట్టుకుని, ఇంకొందరు ఆడవాళ్ళతో నిలబడేది. ఆవిడ మా గేటు తీసుకుని రావడం చూసి అన్నయ్య లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు.

"ఏరా, నువ్వేనా నేర్పేది?"

"అవును టీచర్. మీకు ఇష్టం లేకపోతే, నాన్నకి కాలు తగ్గాక..."

"నాకు ఇష్టం లేనిది ఆ యుద్ధం. నువ్వు నాకేం చేశావు? క్లచ్ ఎక్కడో చూపించు."

నేను వెనక సీట్లో ఎక్కాను. స్కూలు కారులో మా మనిషి ఒకరు తోడుండడం నాన్న పెట్టిన పద్ధతి. మొదటి రోజే టీచరుగారు పెద్ద చౌరస్తా మధ్యలో కారు ఆపేసింది. ముందూ వెనకా హారన్లు, తిట్లు. ఆవిడ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది. అన్నయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు.

"ఎవరూ కాల్చట్లేదుగా టీచర్. నిదానంగా స్టార్ట్ చేయండి."

ఆవిడ వాడివైపు ఒక చూపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది. కారు స్టార్టయింది.

ఆ ముక్క ఊళ్ళో పాకిపోయింది. బ్రేకు మాస్టారి కొడుకు అరవడట, కసరడట, కారు ఆగిపోతే ఎండ బాగుందని కబుర్లు చెబుతాడట! మర్నాడే రొట్టెల కొట్టాయన వచ్చాడు. 'ఈ యుద్ధం మాది కాదు' అని కొట్టు అద్దానికి పోస్టరు అంటించింది ఆయనే. "మీ నాన్న దగ్గర చేరినప్పుడల్లా ఆ బ్రేకుకి నా పళ్ళు కదిలిపోయాయమ్మా, నాకు ఇతనే కావాలి" అన్నాడు. పోస్టరు తీశారా అని అడిగాను. "పోస్టరు పోస్టరే, కారు కారే" అన్నాడు. ఆయన వెనక మందుల షాపాయన, ఆయన వెనక కాలేజీ పిల్లలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కారు దిగే తీరిక లేదు.

అన్నయ్య పాఠం నాకు కంఠతా వచ్చేసింది. నడిమధ్యన పోండి, రెండు పక్కలా కనపడుతుంది. ముందు బండికి దూరంగా ఆగండి. ఆగినప్పుడు పైకి ఒకసారి చూసుకోండి. దారిలో సంచీ డబ్బా ఏది కనిపించినా చుట్టూ తిరిగి పోండి. ఏం జరిగినా తలుపు తీసి దిగకండి. ఇందులో తేడా ఏమైనా ఉందా అని నేను ఒక్కనాడైనా అనుకోలేదు. ఎలా అనుకుంటాను? వాడు నవ్వుతున్నాడు. రొట్టెల కొట్టాయన గేరు మార్చబోయి వైపరు తిప్పితే కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వుతుంటే కారు రోడ్డు మధ్యన పోతే ఏం, మిద్దెల మీద పోతే ఏం అనిపించింది నాకు.

పరీక్ష రోజు అందరం ఆఫీసు ఆవరణలో చేరాం. రొట్టెల కొట్టాయన అందరికీ బన్నులు పంచాడు. పరీక్ష పెట్టే ఆఫీసరు సన్నగా, కోపంగా ఉండే మనిషి. ఒక్కొక్కరినీ తీసుకెళ్ళి, ఒక్కొక్కరితో తిరిగొస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఆయన మొహం ఇంకాస్త ఎర్రబడుతోంది. చివర్న టీచరుగారితో వెళ్ళొచ్చి, కారు దిగి చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇదేం చోద్యమండీ! ఒక్కరు కూడా నడిరోడ్డు వదలరే! కాగితప్పొట్లం కనిపిస్తే ఆమడ దూరం తిరిగిపోతారు! ఈవిడ సరే సరి, ఎర్రలైటు దగ్గర ఆగి మేడల మీదికి చూస్తుంది. ఏముందమ్మా అక్కడ అంటే, చూసుకోవాలి సార్ అంటుంది! ఎవరయ్యా వీళ్ళకి నేర్పింది?"

ముందు మేమంతా గొల్లున నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అన్నయ్యవైపు తిరిగాం. వాడు నవ్వడం లేదు.

"నేనే సార్."

"నువ్వెక్కడ పాసయ్యావు?"

"సైన్యంలో సార్."

ఆఫీసరు గొంతు కాస్త తగ్గింది. "అది అక్కడికి చెల్లుతుంది బాబూ. ఇక్కడ నేర్పాలంటే ఇక్కడ పాసవ్వాలి. వేసవి చివర్లో ఇంకో పరీక్ష పెడుతున్నాను. రా."

ఇంటికొచ్చి వాడు చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఇంటికొచ్చేశానని మీరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. రాలేదమ్మా. అక్కడే తిరుగుతున్నాను. పైగా ఊళ్ళో వాళ్ళందర్నీ అక్కడికే తీసుకుపోయాను."

"పోనీలేరా, ఏదో పరీక్ష..." అంది అమ్మ.

"ఆ పరీక్షకే వెళ్తాను. పాసైతే ఉండిపోతాను. తప్పితే ఇక్కడికి పనికిరానని ఒప్పుకుని, పోయి నా లారీ ఎక్కుతాను. నీ మీద ఒట్టు."

అమ్మ మీద ఒట్టేస్తే మా ఇంట్లో తిరుగుండదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పో! అప్పటిదాకా దేనికి, ఇప్పుడే పో!" అని అరిచాను. అరిచి, గదిలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను. వాడు వెళ్ళిపోతే ఎలాగో నాకు తెలియదు. నాకు వాడు కావాలి, అంతే.

మర్నాడు పొద్దున తప్పినవాళ్ళంతా మా గుమ్మంలో ఉన్నారు. తిట్టడానికి వచ్చారేమోనని నేను నడుం బిగించి ఎదురెళ్ళాను. టీచరుగారు నన్ను పక్కకి జరిపి లోపలికొచ్చింది.

"ఒరేయ్, నువ్వు చెప్పిందంతా పొల్లు పోకుండా మాకు వచ్చేసింది. అంటే చెప్పడం నీకు వచ్చు. పాఠమే మార్చుకోవాలి. లే, కారెక్కు. ఇవాళ్టినుంచి నీకు మేం నేర్పుతాం."

"మీరా? మీరంతా తప్పారు కదా టీచర్!"

"అందుకే. ఎక్కడ తప్పుతామో తప్పినవాళ్ళకే తెలుస్తుంది."

నాన్న కుంటుకుంటూ వచ్చి నేర్పేవాళ్ళ సీట్లో కూర్చున్నాడు. అన్నయ్య నేర్చుకునేవాడి సీట్లో. వెనక టీచరుగారూ, రొట్టెల కొట్టాయనా, ఇద్దరి మధ్య అప్పడంలా నేనూ. ముందొక ఎల్ బోర్డు, వెనకొక ఎల్ బోర్డు. యుద్ధంలో లారీ నడిపొచ్చినవాడికి ఎల్ బోర్డు! వీధిలో పిల్లలు కారు వెంట పరిగెత్తారు. కారు మధ్యకి జరిగితే చాలు వెనకనుంచి "పక్కకి! పక్కకి!" అని ముగ్గురం కోరస్. వాడు మేడలవైపు తలెత్తితే రొట్టెల కొట్టాయన, "బట్టలు ఆరేసుకున్నారు బాబూ, నేను చూశాను, నువ్వు రోడ్డు చూడు" అనేవాడు. పక్కింటావిడ కూడా ఒకరోజు కిటికీలోంచి "ఇవాళ బాగానే పక్కన పోతున్నాడే" అని అరిచింది. నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒకరోజు గోదాముల రోడ్డులో నిండు సంచి ఒకటి అడ్డంగా పడి ఉంది. అన్నయ్య అల్లంత దూరంలోనే కారు ఆపేశాడు. చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. మేం ఏదో అనేలోగా టీచరుగారు తలుపు తీసుకుని దిగి చకచకా నడిచింది.

"టీచర్! ముట్టుకోకండి! టీచర్!"

వాడి గొంతులో ఆ కేక నేనెప్పుడూ వినలేదు. ఆవిడ అప్పటికే మూతి విప్పేసింది. సంచి ఒరిగి క్యాబేజీలు దొర్లుకుంటూ వచ్చాయి. ఏ బండి మీంచి జారిపడ్డాయో ఏమో. ఆవిడ ఒకటి పైకెత్తి మాకు చూపించింది.

అన్నయ్య స్టీరింగ్ వదలకుండానే చెప్పాడు. "నా ముందు లారీ వాడిని జోకరు అనేవాళ్ళం. రోజంతా నవ్వించేవాడు. ఇలాగే సంచి చూసి, పక్కకి లాగేద్దామని దిగాడు."

నాన్న వాడి వీపు మీద చెయ్యేసి అలాగే ఉంచాడు. రొట్టెల కొట్టాయన గట్టిగా ముక్కు చీదుకున్నాడు. "ఒరేయ్, నేనొక్కదాన్నీ మోయలేను, వచ్చి పట్టు!" అని టీచరుగారు పిలిచింది. అన్నయ్య తలుపు పిడి మీద చెయ్యి పెట్టాడు, తీసేశాడు. రొట్టెల కొట్టాయనా నేనూ వెళ్ళి ఎత్తుకొచ్చాం. ఎవరివని ఎంత విచారించినా ఎవరూ రాలేదు. ఆ వారమంతా మా వీధి వీధంతా క్యాబేజీయే. "ఇంకొక్క క్యాబేజీ ఈ గడప తొక్కిందా, నేనే యుద్ధానికి పోతాను" అంది అమ్మ. అన్నయ్యకి పొలమారేంత నవ్వొచ్చింది.

పరీక్ష శనివారం నాడు పడింది. ఆఫీసరు నాన్న సీట్లో కూర్చున్నాడు, నేను ఎప్పట్లాగే వెనక. అన్నయ్య ఎంత బుద్ధిగా నడిపాడని! పక్కగా పోయాడు, ఆగాల్సిన చోట ఆగాడు, తలెత్తి ఒక్క మేడని కూడా చూడలేదు. ఆఫీసరు మొహంలో కోపం కరిగి నీళ్ళవుతోంది. పాసైపోయాడనే అనుకున్నాను. ఇక మిగిలింది పెద్ద చౌరస్తా దగ్గర ఎత్తు ఎక్కడం ఒక్కటే.

అక్కడ జనం రోడ్డు నిండా ఉన్నారు. ఇంకా కొంతమంది కుర్రాళ్ళని యుద్ధానికి పంపుతున్నారని ఆ ఉదయమే వార్త వచ్చింది. టీచరుగారి గుప్పెడు మంది కాస్తా పెద్ద గుంపయ్యారు. పచ్చలైటు వెలిగినా కదిలే దారి లేదు. ఎవడో కుర్రాడు మా కారు బానెట్ మీద దబదబా బాది "యుద్ధం వద్దు!" అని అరిచాడు. ఇంకెవరో కారు మీద స్కూలు పేరు చదివారు. "ఇతనే! అక్కడ్నుంచి వచ్చినవాడు ఇతనే!"

నాలుగు వైపులా మొహాలు అద్దాలకి దగ్గరగా వచ్చాయి. అన్నయ్య మెడ మీద చెమట కాలువ కట్టింది.

"హారన్ కొట్టవయ్యా" అన్నాడు ఆఫీసరు.

అన్నయ్య హారన్ కొట్టలేదు. కిటికీ అద్దం దించాడు.

"నాక్కూడా వద్దు బాబూ" అన్నాడు.

కుర్రాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తోపులాటలో బ్యానరు ఒక పక్క కర్ర ఎవరి చేతిలోంచో జారి, గుడ్డ మా ముందు చక్రం కిందికి పోయింది. రెండో పక్క టీచరుగారు, ఆ వయసులో, పళ్ళు బిగించి లాగుతోంది. అన్నయ్య అది చూశాడు. తలుపు తెరుచుకుని దిగాడు.

అంతమంది మధ్యలోకి దిగి, వంగి గుడ్డ పట్టుకు లాగాడు. అప్పుడే కారు వెనక్కి కదిలింది. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు మహానుభావుడు! "అయ్యో! అయ్యో! ఎవరైనా పట్టుకోండర్రా!" అని ఆఫీసరు కేకలు. "మీ కాళ్ళ దగ్గరే బ్రేకుంది సార్!" అని నేను. ఆయన రెండు కాళ్ళతో ఎగిరి తొక్కాడు. కారు ఆగింది, గుడ్డ ఊడొచ్చింది. అన్నయ్య వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. కింద పడ్డ కర్ర అందుకుని, బ్యానరు బిగుతుగా పట్టి, టీచరుగారితో పాటు రోడ్డు దాటించాడు. జనం విడిపోయి దారిచ్చారు. బానెట్ బాదిన కుర్రాడు మిగతా బళ్ళని ఆపుతూ ముందు నడిచాడు. టీచరుగారి మొహం నేను చూశాను. ఏడుస్తూ వెలిగిపోతోంది.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆఫీసరు ఊపిరి పీల్చుకోడానికి చాలాసేపు పట్టింది.

"ఇంజను ఆపలేదు, హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు, తలుపు బార్లా తెరిచి, నన్ను గాలికి వదిలేసి పోయాడు! నా సర్వీసులో ఇంత ఘోరం చూడలేదు. తప్పావయ్యా, తప్పావు!"

"తప్పాను సార్" అన్నాడు అన్నయ్య. ఎంత సంతోషంగా అన్నాడంటే ఆయన బిత్తరపోయాడు.

గుమ్మంలో నాన్న ఎదురొచ్చాడు. నేనే ముందు చెప్పేశాను. "తప్పాడు నాన్నా. మధ్యలో తలుపు తీసుకుని దిగిపోయాడు."

"దిగాడా?"

"దిగాడు."

"జనంలోకా?"

"జనంలోకే నాన్నా."

ఆయన మొహం తుడుచుకోడానికన్నట్టు అటు తిరిగాడు. అమ్మకి మాత్రం తప్పాడన్న మాటొక్కటే చెవిన పడింది. అక్కడే నేల మీద చతికిలపడింది. "నా మీద ఒట్టేశావు కదరా! ఇప్పుడు పోతావా? పోతావా చెప్పు!"

అన్నయ్య ఫోను తీసి, మా అందరి ముందే సైన్యంలో తన ఆఫీసరు నంబరు నొక్కాడు.

"సార్, నేనే... రావట్లేదు సార్... డ్రైవింగ్ పరీక్ష తప్పాను... లారీ కాదు సార్, మామూలు కారే... అవును, నేనే సార్, నిజంగానే... తప్పినవాడి చేతికి లారీ ఎలా ఇస్తారు సార్?... వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. అప్పుడూ తప్పితే పై నెల."

అవతల ఆయన ఏదో గట్టిగా అంటున్నాడు. అన్నయ్య ఫోను పెట్టేసి, నేల మీద అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఎన్ని నెలలు తప్పినా ఫర్వాలేదు నాయనా" అంది.